మేపుల్ చెట్లకు కట్టిన బకెట్లు

సహోదరులారా, సహోదరీలారా, మీ ముందు నిలబడి ఇంత గట్టిగా మాట్లాడుతున్న ఈ మనిషి ఒకప్పుడు కన్నబిడ్డ ఏడుస్తున్నా గోడవైపు తిరిగి పడుకునేదంటే నమ్ముతారా? మా గ్రేస్ పుట్టాక ఫార్మింగ్టన్ హిల్స్‌లో వచ్చిన మొదటి చలికాలం అది. మా వారు కార్ల కంపెనీలో ఇంజనీరు, చీకటితో వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవారు. పాలు పట్టేదాన్ని, బట్టలు మార్చేదాన్ని, కానీ ఆ బిడ్డ నాదని మనసుకు అనిపించేది కాదు. డాక్టరు మాత్రలిచ్చి, తగ్గకపోతే హాస్పిటల్లో చేర్చాలన్నారు. "పాపని కొన్నాళ్లు షికాగోలో మా అక్క దగ్గర ఉంచుదాం, నువ్వు రెస్ట్ తీసుకో" అన్నారు మా వారు. ఆ మాటకు నాకు ఏడుపు కూడా రాలేదు. నాకు వచ్చిన ప్రార్థన ఒక్కటే: "ప్రభువా, నన్ను తీసుకుపో."

ఆయన తీసుకుపోలేదు, ఏం చేశాడో వినండి. చలికాలం చివర ఒక ఉదయం కిటికీలోంచి చూస్తే, పక్కింటి పెద్దావిడ ఎడ్నా గారు పెరట్లో మోడు చెట్లకు తూట్లు పెట్టి బకెట్లు తగిలిస్తున్నారు. మాది భీమవరం వైపు. నాన్నగారు పాస్టరు, ముంత కట్టిన తాడిచెట్టు కనబడితే ముఖం తిప్పుకోమనేవారు. నేనూ తిప్పుకున్నాను. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి ఇంటి వెనక కల్లు గీయడమేమిటమ్మా అనుకున్నాను! పోనీలే అనుకుంటే మనసు ఊరుకోదు. తాడిచెట్టుకు పైన గీస్తారు, ఈవిడ నడుమెత్తున ఎందుకు కట్టింది? ఆకే లేని చెట్టులో కల్లెక్కడిది? నెలల తరబడి ఏదీ తెలుసుకోవాలనిపించని నాకు ఆ పూట ఇది తెలియకపోతే నిలవలేననిపించింది. మా వారి కోటు వేసుకుని, ఒంటరిగా వదలకూడదు గనుక పాపకు కంబళి చుట్టి చంకనెత్తుకుని, మంచులోకి దిగాను.

నా అనుమానం విని ఎడ్నా గారు పగలబడి నవ్వారు. అది మేపుల్ చెట్టు నీరట, కాచి పాకం చేస్తారట, రాత్రి గడ్డకట్టి పగలు కరిగితేనే అది కారుతుందట, చలి పూర్తిగా పోతే ఆగిపోతుందట. చుక్క నాలుక మీద వేసుకుంటే నీళ్లలాగే ఉంది, చివర ఎక్కడో కొంచెం తీపి. ఇంతలో గ్రేస్ చేయి చాపి కారే చుక్కను అందుకుని, నోట్లో పెట్టుకుని చప్పరించి, ఇంకా కావాలని నా మెడ పట్టుకుని గుంజింది. దేవునికి స్తోత్రం, అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

మరునాడూ వెళ్లాం, ఆ మరునాడూ వెళ్లాం. బకెట్ ఎంత నిండిందో చూడాలి, బెరడు నాకే ఉడుతకు ఈ తీపి సంగతి ఎవరు చెప్పారో తెలుసుకోవాలి. నాకు తెలియకుండానే నా ప్రార్థన మారిపోయింది: "ప్రభువా, ఇదేమిటి? దీన్నెలా చేశావు?" మాత్రలు మానలేదు, డాక్టరు చెప్పినన్నాళ్లూ వేసుకున్నాను, ఆ మాత్రలిచ్చిందీ ఆ ప్రభువేగా. ఆకలి వేసింది, నిద్ర పట్టింది. మా వారు షికాగోకి ఫోన్ చేసి, "అక్కా, పాప ఇక్కడే ఉంటుందిలే. వాళ్లమ్మ దాన్ని కిందికి దించడం లేదు" అన్నారు.

ఆ తీపి కారడానికి అంత చలి ఎందుకు కావాలో నాకింకా తెలియదు, అడుగుతూనే ఉన్నాను. మీలో ఎవరైనా గోడవైపు తిరిగి పడుకుని ఉంటే, ప్రార్థన కూడా రాకపోతే, కోటు వేసుకుని బయటికి రండి, ఆయన చేసినవాటిలో ఒక్కటి చూసి ఇదేమిటని ఆయననే అడగండి. తోడు కావాలంటే ఈ చలికాలం చివర మా పెరటికి రండి. మేమూ బకెట్లు కడుతున్నాం, కల్లు కాదని పూచీ నాది. నేను ఎత్తుకోలేకపోయిన ఆ పిల్లే మీ అరచేతిలో మొదటి చుక్క పోస్తుంది. దేవునికే మహిమ.