గ్లాసు వంక చూసిన హీరో

అది 2023 వేసవి. అప్పటికి నేను తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ యూనిట్లో టెక్నీషియన్‌గా చేరి చాలా ఏళ్ళయింది. రోగులు నన్ను సిస్టర్ అంటారు, నేనూ పలుకుతాను. కిడ్నీలు పనిచేయడం మానేసిన వాళ్ళ రక్తాన్ని ఒక గొట్టంలోంచి బయటికి తీసి, డయలైజర్ అనే ఫిల్టరులో శుభ్రం చేసి, ఇంకో గొట్టంలోంచి మళ్ళీ ఒంట్లోకి పంపడం నా పని. ఆ డయలైజర్‌నే కృత్రిమ కిడ్నీ అని కూడా అంటారు. వారానికి మూడుసార్లు రావాలి, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు పడుకోవాలి. మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.

సూదుల బాధ అలవాటైపోతుంది. అలవాటు కానిది దాహం. తాగిన నీరు బయటికి పోయే దారి ఉండదు కాబట్టి రోజుకు రెండు మూడు గ్లాసులతో సరిపెట్టుకోవాలి. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండవలసిన బరువును డ్రై వెయిట్ అంటాం. రోగి రాగానే తూకం ఎక్కిస్తాం, దాని మీద ఎంత పెరిగితే అంత తాగినట్టు. ఎక్కువ తూగిన వాళ్ళకు నా చేతిలో చీవాట్లు తప్పవు. నా నోరు మంచిది కాదని యూనిట్లో అందరికీ తెలుసు.

సోమ, బుధ, శుక్రవారాల పొద్దుటి షిఫ్టులో కిటికీ పక్క మంచం మాస్టారిది. బాపట్లలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన లెక్చరర్, కూతురి దగ్గర ఉండేవారు. ఏది చెప్పినా రుజువు అడిగే మనిషి. పక్క మంచం నాగమణిది. రేపల్లెలో ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టేది, నలభై దాటలేదు. ఆమె భర్త శ్రీను ఆటో తోలతాడు. డయాలసిస్ రోజున ఆటో ఇంటి దగ్గర పెట్టేసి, ఆమెను పాసింజర్ రైల్లో తీసుకొచ్చి వరండాలో కూర్చునేవాడు.

గోడ మీది టీవీలో ఆ ఏడాది ఒక డబ్బింగ్ సినిమా పదే పదే వేసేవారు. కొందరు అంతరిక్ష నౌకలో ఇంకో గ్రహానికి పోతారు. వాళ్ళలో కొంతమంది ఫ్యాక్టరీలో తయారైన మనుషులని మధ్యలో తెలుస్తుంది. చివర్లో, మనుషులకు మాత్రమే తెరుచుకునే తలుపు ముందు హీరో వెళ్ళి నిలబడతాడు. తలుపు తెరుచుకుందో లేదో చూపించకుండానే సినిమా అయిపోతుంది. దానితో హీరో మనిషా, కాదా అని మా యూనిట్ రెండు జట్లయింది.

"వాడు తయారైన సరుకే," అన్నారు మాస్టారు ఒకరోజు. "సినిమా మొత్తంలో ఒక్కసారన్నా మంచినీళ్ళు తాగాడా? ఒక్కసారన్నా ఒంటేలుకి లేచాడా? మిగతావాళ్ళంతా తాగుతున్నారు. డైరెక్టరు ఊరికే పెట్టడు గదా అట్టాగ!"

నాగమణి పకపకా నవ్వింది. "అట్టాగైతే మనం గూడా తయారైన సరుకే గదండీ మాస్టారూ! నేను ఒంటేలుకెళ్ళి ఏడాది దాటింది."

యూనిట్ అంతా నవ్వింది, నాతో సహా. మాస్టారు మాత్రం నవ్వలేదు. మిషన్ మీద గిరగిరా తిరుగుతున్న పంపు వంక చూస్తూ ఉండిపోయారు. సూదులు తీసేటప్పుడు, "ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేం లేదమ్మాయ్," అన్నారు. నేను పనిలో ఉండి దాన్ని పట్టించుకోలేదు.

తరవాతి సోమవారం ఆయన రాలేదు. బుధవారమూ రాలేదు. ఫోన్ చేస్తే కూతురు ఏడుపు గొంతుతో, "రానంటున్నారండి. డాక్టరుగారు చెప్పినా వినలేదు," అంది. ఫోన్ ఆయనకు ఇమ్మన్నాను.

"ప్లగ్గు తీస్తే ఆగిపోయేదాన్ని మనిషనరమ్మాయ్," అన్నారు తాపీగా. "సినిమాలో వాడికి రుజువు కావాలి. నాకు అక్కర్లేదు. నా రక్తం బయట తిరగడం నేనే వారానికి మూడుసార్లు చూస్తున్నాను గదా. ఇంక ఆగిపోనీ."

తిట్టాను, బతిమాలాను. ఏమీ లాభం లేకపోయింది. ఇంకో రెండు మూడు రోజులు ఇలాగే ఉంటే మనిషి దక్కడని నాకు తెలుసు.

శుక్రవారం కూడా మంచం ఖాళీగా ఉండడం చూసి నాగమణి సంగతంతా అడిగింది. తన మాటే ఆయన్ని అక్కడికి నెట్టిందని తెలుసుకుంది. చేతిలో సూదులతోనే రెండో చెయ్యి చాపి, "ఫోన్ ఇటివ్వక్కా," అంది.

"మాస్టారూ, నేను నాగమణినండి. మీరు ఆ సినిమా సరిగ్గా చూళ్ళేదు. నేను ఫోన్లో మళ్ళీ చూశా. భోజనాల సీనుంది గదా, ఎదురుగా కూర్చున్న పిల్ల గ్లాసెత్తి తాగుద్ది. అప్పుడు హీరో ఆ పిల్ల మొహం వంక చూడడండి, గ్లాసు వంక చూస్తాడు. గుటక గూడా మింగుతాడు. వాడు తాగనోడు కాదండీ, తాగకూడనోడు. మిషనుకి దప్పికేస్తదా? నా కుట్టుమిషనుకి నూనె లేకపోతే కీచుమంటది గానీ నా కాఫీ గ్లాసు వంక చూడదు గదండీ!"

"ఏ సీనన్నావు?" అని అవతల నుంచి మాస్టారి గొంతు వినిపించింది.

ఆ మధ్యాహ్నమే కూతురు ఆయన్ని కారులో తీసుకొచ్చింది. కాళ్ళు వాచిపోయాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి రెండు మాటలకొకసారి ఆగుతున్నారు. వెంటనే మిషన్ మీద పెట్టాం. తరవాతి వారం ఇద్దరూ పక్కపక్క మంచాల మీద పడుకుని నాగమణి ఫోన్లో ఆ సీను వేసుకుని చూశారు.

"నటుడికి దాహమేసి ఉంటుందమ్మా. కెమెరాకి దొరికిపోయాడు," అన్నారు మాస్టారు.

"నటుడైతే మటుకు మనిషి కాదాండీ?"

ఆయన ఈసారి నవ్వారు. "సరే, ఆలోచిస్తాను," అన్నారు. ఆలోచిస్తానన్నవాడు మళ్ళీ వస్తాడని నాకు ధైర్యం వచ్చింది.

మే నెల నడుస్తోంది. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య రెండు రోజుల ఎడం మా పనిలో ప్రమాదమైనది. అలాంటి ఒక ఆదివారం నాగమణి అమృతలూరులో ఆడపడుచు గృహప్రవేశానికి వెళ్ళింది. సోమవారం ఆమె రాలేదు. బుధవారం శ్రీను ఒక్కడే వచ్చాడు. ఫోన్లో చెప్పబుద్ధి కాలేదట.

"చుక్క నీళ్ళు ముట్టుకోనివ్వలేదు సిస్టరండీ," అన్నాడు. "మీరు కోప్పడతారని గ్లాసులు గూడా దాచేశా. ఎండకి నాలిక పిడచగట్టుకుపోతందంటే మా అక్క కొబ్బరి బోండాలు కొట్టించింది. నీళ్ళు కాదు గదా, చలవ చేస్తదని నేనే ఇచ్చా. రెండు తాగింది. ఎంత ఇష్టంగా తాగిందో! సాయంత్రానికి కాళ్ళు కదలట్లేదంది. ఆస్పత్రికి తీసకపోయేలోగానే..." ఆగి, నా మొహంలోకి చూశాడు. "వాటివల్ల కాదు గదండీ?"

కొబ్బరి నీళ్ళలో పొటాషియం చాలా ఎక్కువ. మామూలు మనిషికి అది బలం. కిడ్నీలు పనిచేయని మనిషిలో అది రక్తంలోనే ఉండిపోయి గుండెను ఆపేస్తుంది. నాగమణికి ఈ సంగతి నేనే చెప్పాను. మరిచిపోయిందో, తెలిసీ ఆ దప్పికకు ఆగలేకపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"కాదు తమ్ముడూ," అన్నాను. అతను తల ఊపి, వరండాలో తను ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కాసేపు కూర్చుని వెళ్ళాడు. నేను స్టోర్ రూములోకి వెళ్ళి ఏడ్చాను.

మాస్టారికి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి పడుకున్నారు. ఆ నాలుగు గంటలూ ఇటు తిరగలేదు. కానీ ఆ తరవాత ఒక్క రోజు కూడా మానలేదు.

మన వైపు జ్వరమొచ్చినా, వాంతులైనా మొదట గుర్తొచ్చేది కొబ్బరి బోండామే. దాన్ని ఎవరూ నీళ్ళ కింద లెక్కేయరు. ఈ కేసు తరవాత నేను రోగికి చెప్పి ఊరుకోవడం మానేశాను. వెంట వచ్చినవాళ్ళను లోపలికి పిలిచి, కొబ్బరి నీళ్ళు అనే మాట విడిగా, వాళ్ళ చేత మళ్ళీ చెప్పించుకుని మరీ పంపుతున్నాను. పుస్తకంలో చదివినప్పుడు అది పొటాషియం. ఇంట్లో అది ప్రేమతో ఇచ్చేది, అందుకే అంత భయం.

మొన్నామధ్య టీవీలో ఆ సినిమా మళ్ళీ వచ్చింది. కొత్తగా చేరిన సంగం జాగర్లమూడి ఊరి రైతు చివరిదాకా చూసి, "ఇంతకీ ఈడు మనిషేనంటారా?" అన్నాడు.

"మనిషే," అన్నారు మాస్టారు.

"అంత గట్టిగా ఎట్టా చెప్తన్నారండీ? రుజువేంటి?"

"మాకు తెలిసినమ్మాయి చెప్పిందయ్యా," అన్నారు మాస్టారు. "దప్పికంటే ఏంటో ఆమెకి తెలుసు."