అమెరికా ఆయన జీవితం, మా బాబాయ్ కత్తెర

మొన్న మంగళవారం కారంపూడిలో మూడో పీరియడ్ చెబుతుండగా ఫోన్ మోగింది. నరసరావుపేట నుంచి పిన్ని. "మీ బాబాయ్ పోయాడే," అంది. పిల్లల్ని చదువుకోమని చెప్పి వరండాలోకి వచ్చి, చేతిలో చాక్‌పీస్ అట్లాగే పట్టుకుని ఏడ్చాను.

ఆయన మాకు చుట్టం కాదు. నరసరావుపేటలో మా సందు మొదట్లో బట్టలు కుట్టే సాయిబు గారు. వాళ్ళు మసీదుకు పోతారు, మేము చర్చికి పోతాం. అయినా నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ ఆయన బాబాయ్, ఆమె పిన్ని. బాబాయ్‌కి ఇంగ్లీషు ఒక్క ముక్క చదవటం రాదు. నేనివాళ ఇంగ్లీషు టీచర్నంటే మాత్రం ఆయన వల్లే. ఈ మాట అందరికీ చెబుతాను, గొప్పగా చెబుతాను.

డిగ్రీ అయ్యాక డీఎస్సీకి చదువుకుంటూ, మధ్యాహ్నాలు ఆయన కొట్లో బొత్తాలకు కాజాలు, అంచులకు హెమ్మింగు చేసేదాన్ని. తెలుగు మీడియం దాన్ని, ఇంగ్లీషంటే హడలు. ఒకసారి పరీక్ష రాసి తప్పాను కూడా. అప్పుడే ఎవరో కస్టమర్ ఆల్టరేషన్‌కి ఇచ్చిన ప్యాంట్ల సంచిలో ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. తిరిగి ఇవ్వబోతే, "నాకొద్దు, మీరే ఉంచుకోండి" అని వెళ్ళిపోయాడట. అమెరికాలో బాగా పేరున్న ఒక నవలా రచయిత జీవిత చరిత్ర అది. అట్ట మీద ఆయన టైపు మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు.

బాబాయ్ కళ్ళు ఆ మనిషి మీద కాదు, చొక్కా మీద పడ్డాయి.

"ఆ కాలర్ చూడమ్మాయ్! ఎంత సాఫుగా కూర్చుందో! ఇట్టాంటి చొక్కా తొడుక్కున్నోడు ఏం చేశాడో నాకు తెలవాల. ఆ సూది పక్కన పెట్టు. నేను కుడతా ఉంటా, నువ్వు చదివి తెలుగులో చెప్పు."

"నాకు రాదు బాబాయ్."

"నాకూ రాదుగా! ఇద్దరం సమానమే. కానీయ్."

అట్లా మొదలైంది. రోజుకు ఒక పేజీ, బాగా నడిస్తే రెండు. ఆయన రచయితను ఎన్నడూ పేరుతో పిలవలేదు. "అమెరికా ఆయన" అనేవాడు. నేనూ అట్లాగే రాస్తున్నాను, ఇంకోలా రాస్తే అది బాబాయ్ పుస్తకం కాదు.

చదవటం ఆపాక ఆ రోజు కుడుతున్న గుడ్డలోంచి వేలెడు ముక్క కత్తిరించి పేజీలో పెట్టేవాడు. కొలతల పుస్తకంలో ఎవరి కొలతల పక్కన వాళ్ళ గుడ్డముక్క అంటించడం ఆయనకు అలవాటు. ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది. పిడుగురాళ్ల లారీ డ్రైవర్ ఖాకీ, బడిపిల్లల యూనిఫాం గళ్ళు, ఏ పెళ్ళికూతురిదో జాకెట్టు పట్టు. పుస్తకం ఉబ్బిపోయి మూతపడటం మానేసింది.

ఒకరోజు నేను తప్పు చేశాను. ఒక పేజీ మొత్తం అర్థం కాలేదు. ఒప్పుకోవడానికి సిగ్గేసి, అమెరికా ఆయనా, ఆయన భార్యా కలిసి చేపలు పట్టడానికి వెళ్ళారని సొంతంగా కథ అల్లాను. బాబాయ్ మిషన్ ఆపాడు.

"నిన్న ఇద్దరికీ మాటల్లేవన్నావు. ఇయ్యాల చేపలకు పోయారా? మధ్యలో గుడ్డ ఏదమ్మా?"

తల దించుకున్నాను.

"నేను చొక్కాకు చెయ్యి తప్పు వేస్తే విప్పి మళ్ళీ కుడతా. వెయ్యని చెయ్యి వేశానని చెప్తే కస్టమర్ తొడుక్కున్నప్పుడు తెలవదా? రానిది రాలేదని చెప్పు. దాంట్లో ఏం పోయింది?"

ఆ రోజు నుంచి రూలు పెట్టాడు. మాట అర్థం కాకపోతే "రాలా" అని పైకి అనాలి. గుడ్డ మీద గీత గీసే చాక్‌తో ఆ మాటను గోడ మీద రాయాలి. డిక్షనరీలో చూసి, మర్నాడు ఆయనకు అర్థం చెప్పాకే చెరపాలి. చెరిపేవాటికన్నా రాసేవే ఎక్కువై, నెల తిరిగేసరికి గోడ నిండిపోయింది. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. "ఏంది సాయిబూ, కాన్వెంటు పెట్టావా?" అంటే, "పెట్టా. సీట్లన్నీ అయిపోయినయ్, నీకు లేదు పో" అనేవాడు.

తర్వాతి డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. బళ్ళో చేరిన రోజు వేసుకున్న జాకెట్టు బాబాయ్ కుట్టిందే. కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడట: "మా అమ్మాయి అమెరికా ఆయన్ని మొత్తం తెలుగులోకి దింపింది." మొత్తం ఎక్కడ? ఇంకా బోలెడుంది. ఆదివారాలు వెళ్ళి చదివేదాన్ని. పెళ్ళి, పిల్లలు, చాలా ఆదివారాలు తప్పిపోయాయి. ఏళ్ళు పట్టింది.

ఈలోపు షుగర్ ఆయన కళ్ళను తినేసింది. సూదిలో దారం ఎక్కించలేడు. పని రావడం ఆగిపోయింది. అయినా రోజూ పొద్దున్నే కొట్టు తీసి మిషన్ ముందు కూర్చునేవాడు.

పోయిన ఆదివారం చివరి పేజీలకు వచ్చాం. ముందే కళ్ళతో చదువుకున్నాను. చివరి రోజుల్లో అమెరికా ఆయన రాయలేకపోయాడు. రోజూ బల్ల ముందు కూర్చునేవాడు, ఒక్క వాక్యం వచ్చేది కాదు. ఈ మాట ఈ మనిషికి ఎట్లా చెప్పను? "ఆఖరిదాకా రాస్తూనే ఉన్నాడు బాబాయ్" అనేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏందమ్మాయ్, ఆగావు? రాలా?"

"వచ్చింది బాబాయ్." ఉన్నదున్నట్టు చెప్పాను. రాయలేకపోయాడని, మాట రాలేదని, అయినా రోజూ కూర్చున్నాడని.

బాబాయ్ చెయ్యి మిషన్ చక్రం మీద ఉంది.

"రోజూ కూర్చున్నాడా?"

"రోజూ."

"అదీ మనిషంటే!" అని కటింగ్ బల్ల మీద చరిచాడు. తర్వాత నా వైపు తిరిగి, "గుడ్డ ఎక్కడా తగ్గించకుండా కుట్టావు బేటీ. ఇంక నీకు ఎవరూ నేర్పక్కర్లా," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నేను పొందిన సర్టిఫికెట్లలో అంత పెద్దది లేదు.

అటు తిరిగి ఏదో కత్తిరించి, తడుముకుంటూ చివరి పేజీలో పెట్టి, పుస్తకం నా చేతికిచ్చాడు. "నీదే. తీసుకుపో." కొట్లో ఆ రోజు కుట్టే బట్ట ఒక్కటీ లేదు, మరి ముక్క ఎక్కడిదని అడగాలని నాకు తట్టనే లేదు. రెండ్రోజులకు ఫోన్ వచ్చింది.

నిన్న మళ్ళీ వెళ్ళాను. పిన్ని ఆయన బట్టలు లేనివాళ్ళకు ఇవ్వడానికి మడతపెడుతోంది. నీలం చారల చొక్కా ఒకటి ఎత్తి పట్టుకుని, "ఇది చూడవే, కింద అంచు లేదు. ఎలక కొట్టిందేమో అనుకున్నా. కాదు, కత్తెర పని," అంది. ఆదివారం ఆయన ఒంటి మీదున్న చొక్కా అది.

సంచిలోంచి పుస్తకం తీసి చివరి పేజీ తెరిచాను. నీలం చారల ముక్క. దాన్ని తెచ్చి చొక్కా అంచు దగ్గర ఆనించాను. చారకు చార కలిసింది.

పిన్ని ఏడుస్తూనే ఆ కోత వెంట వేలు పోనిచ్చింది.

"కళ్ళు కనపడకుండా కోశాడే," అంది. "చూడు, ఎక్కడన్నా వంకర పోయిందేమో చూడు."

పోలేదు.