నూనె తలకు మెదడు పరీక్ష

ఉదయం ఆరుంపావుకి హిందూపురంలో ప్యాసింజరు ఎక్కేటప్పటికే నాకు ఒళ్ళు మండిపోతోంది. బెంగళూరు అవతల బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పని చేసే మా చెల్లెలు రత్న ముందురోజు ఫోన్ చేసింది. అక్కడ అందరినీ ధ్యానంలో కూర్చోబెట్టి, తలకు వైర్లు అంటించి, మెదడు గీతలు చూస్తున్నారట. ఏకాగ్రత లేనివాళ్ళను మిషన్ల దగ్గర ఉంచరట. రత్న మనసు నిలవడం లేదని తేలిందట. ఈరోజు రెండో పరీక్షలోనూ అంతే అయితే ఉద్యోగం పోతుంది. దానికి ధ్యానం నేర్పింది నేనే. నాలుగేళ్ళుగా అది ఒక్క రోజూ మానలేదు.

"ధ్యానంలో గూడా ఫెయిలయ్యేది ఉండాదామ్మా?" అన్నాడు నా గోడు విన్న ఎదుటి సీటులోని చీరల వ్యాపారి. బడిలో జీవశాస్త్రం చెప్పే నేను దారంతా ఆ ప్రశ్ననే తిరగేసుకున్నాను.

తొమ్మిదిన్నరకు బెంగళూరులో దిగి, మార్కెట్లో రెండు ఇడ్లీలు తిని, బొమ్మసంద్ర మీదుగా పోయే అత్తిబెలె బస్సు పట్టుకున్నాను. హోసూరు రోడ్డు మీద లారీల వెనక గంటన్నర పట్టింది. గేటు దగ్గర బతిమాలితే పన్నెండుకు లోపలికి పంపారు.

రత్న బిగించి అల్లిన జడతో కూర్చునుంది. నూనె నుదుటి దాకా మెరుస్తోంది. వైర్ల బిళ్ళలు జారిపోతుంటే సూపర్‌వైజరు వేలితో అదిమి పెడుతున్నాడు. తెర మీద అన్నీ పిచ్చిగీతలు.

"చూడండమ్మా, ఒక్క నిమిషం నిలకడ లేదు. మిషనే చెప్తా ఉండాది."

"మిషను చెప్పేది మా చెల్లెలి మనసు గురించి కాదప్పా, తలనూనె గురించి!" అని అరిచాను. "జిడ్డు మీద బిళ్ళలు అంటుకుంటాయా?"

"నూనె వద్దని మాకెవురూ చెప్పలేదే" అన్నాడు.

కుళాయి దగ్గర సబ్బుతో రత్న తల రుద్ది రుద్ది కడిగాను. ఆరాక మళ్ళీ కూర్చోబెట్టారు. గీతలు బుద్ధిగా సాగాయి. ఆయన 'పాస్' అని రాసుకున్నాడు. తప్పయిందని మాటవరసకైనా అనలేదు.

నాలుగింటికి రత్న బస్టాపు దాకా వచ్చింది. "నా కంటే ముందు నలుగుర్ని ఇట్లే తీసేసినారక్కా. అందరూ మన హిందూపురం పక్కోళ్ళే, నూనె లేకుండా గడప దాటరు. వాళ్ళ సంగతి ఎవరడుగుతారు?"

అంతలో బస్సొచ్చింది. ఎక్కేశాను.

ఆరింటి రైల్లో అలవాటుగా కళ్ళు మూసుకున్నాను. కోపం దిగలేదు. మీకెవరైనా ఇలాంటి పరీక్ష పెడితే జిడ్డు పోయేలా తల కడుక్కుని వెళ్ళండి. నా మీద నాకే అసహ్యం వేసింది. బస్టాపు నుంచి ఫ్యాక్టరీ గేటు నాలుగడుగుల్లోనే ఉండింది, వెనక్కి వెళ్ళి నిలదీయాల్సింది. నా చెల్లెలి ఉద్యోగం నిలిచింది కదా అని బస్సెక్కాను. ఆ నలుగురి పేర్లయినా అడగలేదు.