రెండో కేక

చెట్టెక్కే ముందు అసిరయ్య ఒక కేక వేస్తాడు. పైన మట్టలు మొలిచే మొవ్వు దగ్గరికి చేరాక ఇంకొకటి వేస్తాడు. తాటిచెట్టు మీద నుంచి చూస్తే చుట్టుపక్కల పెరళ్లన్నీ కనిపిస్తాయి. తడికల చాటున స్నానం చేసే ఆడవాళ్లు సర్దుకోవడానికి మొదటి కేక. రెండోది దాలమ్మ కోసం. మనిషి క్షేమంగా చేరాడని కింద కల్లుకుండ దగ్గర కూర్చున్న భార్యకు అదే కబురు. ఇరవై ఆరేళ్లుగా దాలమ్మ రోజూ ఆ రెండు కేకల మధ్య ఊపిరి బిగబట్టుకునే ఉంది.

నౌపడ ఉప్పుమడులకు ఇవతల, కాలవగట్టు వెంట తాటిచెట్లు వరసగా ఉంటాయి. వాటిలో పద్నాలుగు చెట్ల కల్లు గీసుకునే హక్కు అసిరయ్యది. మూడేళ్ల కిందట, వాన వెలిసిన ఒక ఉదయం, సగం ఎత్తు నుంచి జారి నడుం మీద పడ్డాడు. ఆసుపత్రిలో పది రోజులకు నొప్పి మాత్రలు రాసిచ్చారు. పదో రోజుకు నొప్పి తగ్గింది కానీ పదకొండో రోజు ఒళ్లు మాత్రను అడిగింది. టెక్కలి వైపు ఒక మందులకొట్లో చీటీ చూపించమనేవారు కాదు. మాత్ర పడితే చాలు, చెట్టే అతన్ని ఎత్తుకుని పైకి తీసుకుపోతున్నట్టు ఉండేది. ఒకటి రెండయింది, రెండు ఆరయ్యాయి. తరవాత నొప్పి ఊసే లేదు. వేసుకోకపోతే ఏమవుతుందోనన్న భయంతో వేసుకునేవాడు.

ఇంట్లో దాలమ్మ చెయ్యి పడని మూల లేదు. అందుకని అన్నిటికన్నా ఎత్తైన చెట్టు మీద, మట్టల సందున, సున్నపుడబ్బాలో మాత్రలు దాచాడు. కింద ఫోన్ ఎప్పుడూ చచ్చినట్టే పడుంటుంది. ఆ చెట్టు మీద మాత్రం సిగ్నల్ నిండుగా వస్తుంది. గీత పని అయ్యాక, చెట్టుకీ నడుముకీ కలిపి వేసుకున్న మోకుతాడులో వెనక్కి వాలి, గాలికి ఊగుతూ కాసేపు వీడియోలు చూడడం అలవాటైంది. ఒకరోజు, రాయడం రాక, మైకు బొమ్మ నొక్కి గుసగుసగా అడిగాడు: "బిళ్ల ఏసుకోకపోతే కాళ్లెందుకు లాగుతాయి?"

ఫోన్ ఏదో చదివింది, అతనికి అర్థం కాలేదు. మర్నాటి నుంచి అది మొదలైంది.

కోడిపందెం వీడియో మధ్యలో ఒక ఆడగొంతు. "అన్నా, పొద్దున్న లేవగానే బిళ్ల గుర్తొస్తన్నాదా? లేకపోతే కాళ్లు లాగుతన్నాయా, ఆవులింతలొస్తన్నాయా? ఇదీ రోగమే. దీనికీ మందున్నాది. మిస్డ్ కాల్ ఇయ్యి, పేరు సెప్పక్కర్లేదు."

అసిరయ్య ఫోన్ ఆపేశాడు. మర్నాడు వార్తల మధ్యలో మళ్లీ అదే గొంతు, అచ్చం తమ ఊరి యాసలో. మండలమంతా తెలిసిపోయిందా? గీత లైసెన్సు కార్డు తీసేస్తారా? పక్క వరస గీసే గంగుల్ని మాటల్లో కదిపాడు.

"ఒరే గంగులూ, నీ ఫోన్ల బిళ్లల బొమ్మ వస్తన్నాదేటి?"

"నాకు గేదెల దాణా బొమ్మలొస్తన్నాయి బావా. నీకు బిళ్లలేటి? నెల గానీ తప్పిందా?"

గంగులు పడీపడీ నవ్వాడు. అసిరయ్య కూడా నవ్వాడు గానీ లోపల ఏదో చల్లగా జారింది. అందరికీ రావడం లేదన్నమాట. తన ఒక్కడికే వస్తోంది.

ఆ వారమే మందులకొట్టు మూతపడింది. డబ్బాలో మిగిలినవి రెండు మాత్రలు. నిన్న ఉదయం ఒకటి మింగాడు. ఈ ఉదయం రెండోదాని కోసం, ముక్కు కారుతూ, ఒళ్లంతా గగుర్పొడుస్తూ, మొదటి కేక వేసి ఎక్కాడు. మొవ్వు దగ్గరికి చేరేసరికి పిక్కల్లో నరాలను ఎవరో పురి పెడుతున్నట్టుంది. డబ్బా తెరిచాడు. వేళ్లు తడిగా ఉన్నాయి. ఆవులింత వచ్చింది, కళ్ల నిండా నీళ్లు తిరిగాయి, మాత్ర జారిపోయింది.

పడుతుంటే అది ఒక్క క్షణం ఎండలో మెరిసింది. కింద కాలవ దాన్ని చప్పుడు లేకుండా మింగేసింది.

అప్పుడు, ఇన్నేళ్లలో మొదటిసారి, అసిరయ్యకు ఎత్తు కనిపించింది. తెల్లటి ఉప్పుకుప్పలు గుడ్డ కప్పిన మనుషుల్లా పడుకుని ఉన్నాయి. రైలుపట్టాలు రెండు దారపు పోగుల్లా ఉన్నాయి. దూరాన సముద్రం ఒకవైపుకి ఒరిగిపోతోంది. చెట్టు వణుకుతోందనుకుని కావలించుకున్నాడు. చెట్టు కదలడం లేదు. మోకు పట్టుకున్న చేతులు తనవిలా లేవు. రెండో కేక గొంతులోనే ఎండిపోయింది.

చాలాసేపటికి ఫోన్ తీసి వీడియో పెట్టాడు. ఆ గొంతు తనంతట తనే వచ్చింది. బొమ్మ కింద కనిపించిన నంబరు నొక్కి, ఒక్కసారి మోగగానే కోసేశాడు. నిమిషం గడవకుండానే ఫోన్ మోగింది. ఆ ఉలుకుకి కాలు పట్టు తప్పబోయింది.

"అన్నా, నా పేరు షీబా. శ్రీకాకుళం నుంచి. మిస్డ్ కాల్ ఇచ్చారు కదా?"

"మీకెవులు సెప్పినారు నా గురించి?"

"ఎవరూ చెప్పలేదన్నా. నొప్పి బిళ్లల గురించి ఫోన్లో అడిగినవాళ్లకి, ఈ జిల్లా వరకు, ఆ వీడియో చూపించమని కంపెనీకి డబ్బు కట్టాం. ఎవరు చూస్తున్నారో మాకు తెలీదు. మీరు నొక్కాకే మీ నంబరు మాకు తెలిసింది."

"పోలీసోలా?"

"కాదన్నా, వైద్యం చేసేవాళ్లం. ఏమిటా హోరు? ఎక్కడున్నారు?"

"తాటిసెట్టు మీద."

అవతల గొంతు మారింది. ఆమె కూడా భయపడిందని అసిరయ్యకు తెలిసిపోయింది.

"ఆఖరి బిళ్ల ఎప్పుడు వేసుకున్నారు?"

"నిన్న పొద్దున్న. ఇప్పుడు సేతులు నిలవట్లేదమ్మా. నాను దిగలేను."

"దిగుతారు. ఫోన్ స్పీకర్లో పెట్టి జేబులో వేసుకోండి. నేను మాట్లాడుతూనే ఉంటాను. దిగాక అరసవల్లి దారిలో మా ఆసుపత్రికి రండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టరు తన ఎదురుగా ఇస్తారు. ఈ లాగుడు తగ్గుతుంది. ముందు కుడికాలు కదపండన్నా."

కాలు కదిలింది. మోకు జానెడు కిందికి జారింది. "ఇంకొకటి" అంది జేబులోని గొంతు. ఇంకో జానెడు.

రెండో కేక వినపడక దాలమ్మ అప్పటికే చెట్టు మొదట్లోకి పరిగెత్తుకొచ్చింది. పైనుంచి ఆడగొంతు వినిపించింది.

"ఎవుర్తది మావా? సెట్టు మీద ఎవుర్తితోటి ఊసులు?"

"దాలీ, బిళ్లలే..." అన్నాడు.

"నేను ఆసుపత్రి నుంచి, వదినా" అంది జేబు. "నొప్పి బిళ్లలకి అలవాటు పడ్డాడు అన్న. ముందు దిగ..."

గొంతు తెగిపోయింది. సిగ్నల్ అక్కడి వరకే.

పైన గొంతు లేదు, కింద మాట లేదు. ఆ మధ్యలో అసిరయ్య వేలాడుతున్నాడు. ఇప్పుడు దాలమ్మ ఏమంటుందో? తిడుతుందా? ఏడుస్తుందా? లేచి వెళ్లిపోతుందా? అరచేతుల చెమటకి మోకు నునుపెక్కుతోంది. కింద కాలవ నోరు తెరుచుకుని ఎదురు చూస్తోంది.

"కుడికాలు మావా" అంది దాలమ్మ. "నన్ను సూడొద్దు, సెట్టునే సూడు. కుడికాలు."

కాలు దించాడు.

"ఎడం. ఆఁ. ఇంకోటి. తరవాత తిడతాను గానీ, దిగు."

అతని కాళ్లు నేలకు తగిలాయి. దాలమ్మ మోకు విప్పి చుట్టచుట్టి తన భుజానికి తగిలించుకుంది. కల్లుకుండ అక్కడే వదిలేసింది.

"కార్డు తీసేస్తారే..." అన్నాడు.

"తీసీనీ. మనిసి మిగిల్తే సాలు. నడు."

శ్రీకాకుళం రైలు కోసం నౌపడ స్టేషన్ దారి పట్టారు. అతని పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అక్కడి దాకా నడవగలడో లేదో, ఆ కొత్త మాత్ర తనని ఏం చేస్తుందో, ఏమీ తెలియదు. దాలమ్మ ఒక చేత్తో అతన్ని పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ పైకెత్తి సిగ్నల్ గీతల కోసం వెతుకుతూ నడిచింది. ఉప్పుమడుల మధ్యకు వచ్చాక ఒక గీత వచ్చింది. వెంటనే ఫోన్ మోగింది.

"అన్నా? అన్నా, ఉన్నారా?" ముక్కలు ముక్కలుగా, ఏడుపు కలిసిన గొంతు.

అవతలికి వినపడదేమోనని దాలమ్మ బలమంతా కూడదీసుకుని కేక వేసింది. ఉప్పు లాగుతున్నవాళ్లు పని ఆపి చూశారు.

"దిగీసినాడమ్మా! తీసుకొస్తన్నాను!"