ఓబులేసు పేరుకు వేసిన తాళం

2006 జూన్‌లో మా సంస్థ నన్ను హిందూపురం శాఖకు ఇన్‌ఛార్జిగా వేసింది. ఫ్యాక్టరీలకు కాంట్రాక్టు మీద మనుషుల్ని కుదిర్చిపెట్టడం మా పని. హిందూపురం పారిశ్రామిక వాడంతటికీ మనుషుల్ని పంపింది నేనేనని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి నేను పంపింది మూడు ఫ్యాక్టరీలకు. అందులో ఒకటి ఏడాది తిరక్కముందే మూతపడింది.

అప్పటిదాకా పని పద్ధతి సులువుగా ఉండేది. మనుషులు కావలసి వస్తే ఫ్యాక్టరీ హెచ్.ఆర్. ఆఫీసరు ఒక కాగితం రాసి పంపేవాడు. దాన్ని ఇండెంటు అంటాం. ఫిట్టర్లు ఇద్దరు, హెల్పర్లు పది మంది అని అందులో ఉంటుంది. నేను నా రిజిస్టరు తిరగేసి, తగిన మనిషిని వెంటబెట్టుకొని గేటు దగ్గరికి పోయేవాణ్ణి. ఆ ఏడాది దసరా ముందు మా పెద్ద ఫ్యాక్టరీ వాళ్ళు కంప్యూటరు పద్ధతి తెచ్చారు. దాని పూర్తి పేరు వెండర్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. వెండర్లంటే మనుషుల్ని సరఫరా చేసే మాలాంటివాళ్ళు. మేమంతా దాన్ని పోర్టల్ అనేవాళ్ళం. ఇండెంటు అందులోనే కనిపిస్తుంది, ఐదు పనిదినాలు తెరిచి ఉంటుంది, మనిషి వివరాలు మేము అందులోనే ఎక్కించాలి.

అందులో ఒక నియమం ఉండేది. ఒక మనిషి పేరును ఏ వెండరు ముందు ఎక్కిస్తే ఆ మనిషి ఆరు నెలలపాటు ఆ వెండరుకే చెందుతాడు. మళ్ళీ ఎవరు ఎక్కించబోయినా, "ఈ అభ్యర్థి ఇప్పటికే నమోదై ఉన్నాడు" అని ఎర్ర అక్షరాల్లో వస్తుంది. ఎవరు నమోదు చేశారో చెప్పదు. వెండర్లు కొట్టుకోకుండా ఉండాలని పెట్టారట. నాకు అప్పుడూ మండింది, ఇప్పుడూ మండుతుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ మొదలుకొని బూటు సైజు దాకా గళ్ళు ఉన్నాయి. "నీ పేరు వీళ్ళకు ఇవ్వడం నీకు ఇష్టమేనా" అని అడిగే గడి మాత్రం లేదు.

నవంబరులో బాయిలర్ అటెండెంటు ఒకరు కావాలని ఇండెంటు పడింది. సర్టిఫికెట్ లేని మనిషి చేతికి బాయిలర్ అప్పగించకూడదని చట్టం. అలాంటివాళ్ళు మా వైపు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. వాళ్ళలో నా రిజిస్టరులో ఉన్న ఓబులేసు ఒకడు. ఊరు బత్తలపల్లి. రెండో తరగతి సర్టిఫికెట్ ఉంది. ధర్మవరం దగ్గర ఒక నూనె మిల్లులో పన్నెండేళ్ళు బాయిలర్ చూశాడు. మిల్లు మూతపడ్డాక లారీలకు మూటలెత్తుతున్నాడు. నేను ఫోన్ చేసిన పూటే ప్యాసింజరు బండెక్కి వచ్చాడు, సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టుకొని.

"నడుము పడిపోతాండాదన్నా. ఇది దొరికితే మళ్ళా మనిషినైతా," అన్నాడు.

పేరు ఎక్కించాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి.

హెచ్.ఆర్. ఆఫీసరు మూర్తిగారి దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు బల్ల గుద్ది మాట్లాడానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. అది అద్దం బల్ల. చెయ్యి ఆనించాను, అంతే. మీ బాయిలరుకు మనిషి కావాలి, ఆ మనిషి మీ గేటు బయటే నిలబడి ఉన్నాడు అన్నాను. తనకూ తెలుసనీ, సిస్టమ్ తీసుకోదనీ ఆయన అన్నాడు. ఓబులేసును లోపలికి పిలిచి మొహమైనా చూడలేదు. పేరు ఎవరు ముందు ఎక్కించారో బెంగళూరు హెడ్డాఫీసును అడిగి చెబుతానన్నాడు.

అడగాల్సిన పనేముంది అనుకున్నాను నేను. ఇలాంటి పని చేసేవాడు శేఖర్ ఒక్కడే. పెనుకొండ బస్టాండు పక్కన జిరాక్స్ షాపు పెట్టుకొని, ఇంకో సంస్థ తరఫున ఇదే ఫ్యాక్టరీకి మనుషుల్ని కుదిర్చేవాడు. ఎవరు బయోడేటా జిరాక్స్ తీయించుకున్నా తనకో కాపీ ఉంచుకుంటాడని పేరు. ఆ పేరు పెట్టింది కూడా నేనే. మర్నాడు ఓబులేసును తీసుకొని పెనుకొండలో దిగి, షాపులో ఐదారుగురు ఉండగానే అందుకున్నాను.

"ఏమప్పా శేఖరూ, మనుషుల్ని దొంగిలించే కాడికి వచ్చినావా?"

శేఖర్ మిషన్ మూత దించి తాపీగా చూశాడు. "ఎవుర్ని దొంగిలించినా సార్?"

"ఇదో, ఈ ఓబులేసును. బాయిలర్ అటెండెంటు."

"ఈయప్పను నేనిప్పుడే చూస్తాండా. బాయిలర్ సర్టిఫికెట్ ఉండే మనిషి నాకు ముందే దొరికింటే, నీతో తిట్లు తింటా ఈడ కూర్చుంటానా? పోయి ముందు పోర్టల్లో మీ ఖాతా చూసుకో సార్."

అందరూ నవ్వారు. నేను విసురుగా బయటికి వచ్చేశాను. ఓబులేసు మాత్రం నాలుగు నిమిషాలు వెనకబడి వచ్చాడు. మా ఖాతా నేను చూసుకోలేదు. శేఖర్ చెప్పాడు కాబట్టే చూసుకోలేదు.

మూడో రోజు మధ్యాహ్నం మూర్తిగారు ఒక ప్రింటు తీసి నా ముందు పెట్టాడు. ఓబులేసు పేరు ఎక్కించిన వెండరు కోడ్ మాదే.

ఇక దాచి లాభం లేదు. పోర్టల్ వచ్చిన మొదటి వారంలో ఇరవై మంది హెల్పర్లకు ఇండెంటు పడింది. ఎక్కువ పేర్లు తొందరగా ఎక్కించిన వెండరుకు గ్రేడు పెరుగుతుంది. నేను రిజిస్టరు తీసి టైపిస్టు ముందు పెట్టి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఉన్న పేర్లన్నీ హెల్పర్లుగా కొట్టించాను. ఫిట్టర్లు హెల్పర్లే, ఎలక్ట్రీషియన్లు హెల్పర్లే, అంతకు ముందే చనిపోయిన ఒకాయన కూడా హెల్పరే. శేఖర్‌కు ఒక్కడూ దొరక్కుండా అందరికీ నా తాళం వేయాలన్నది నా ఎత్తు. ఆ తాళం ఓబులేసుకూ పడింది. హెల్పరుగా అతను ఎంపిక కాలేదు. ఒకసారి ఎంపిక కాని పేరు ఆరు నెలల దాకా, ముందు ఎక్కించిన మా ద్వారా కూడా, మళ్ళీ ఎక్కదు.

ఒక దారి ఉందన్నాడు మూర్తిగారు. పొరపాటున ఎక్కించామని ఒప్పుకుంటూ లెటర్‌హెడ్ మీద లేఖ ఇస్తే హెడ్డాఫీసు ఆ పేరును విడుదల చేస్తుంది. వెండరు గ్రేడు ఒక మెట్టు దిగుతుంది. ఇండెంటు గడువు ఇంకా రెండు రోజులు ఉంది.

వెంటనే లేఖ రాశాను. ఇది మాత్రం నిజం, వెంటనే రాశాను. అయితే అందులో పొరపాటు అన్న మాట రాయలేదు. "పోర్టల్‌లో తలెత్తిన సాంకేతిక లోపం వల్ల" అని రాశాను. నాలుగో రోజు సాయంత్రం జవాబు వచ్చింది. పరిశీలించాం, లోపమేమీ లేదు, లేఖను తిరస్కరిస్తున్నాం. ఐదో రోజు నిజం రాసి ఫ్యాక్స్ చేశాను. ఆరో రోజు పేరు విడుదలైంది. ఇండెంటు ముందు రోజే మూసుకుంది. శేఖర్ ఎక్కించిన అనంతపురం మనిషిని తీసుకున్నారు. అతనికీ సర్టిఫికెట్ ఉంది. తప్పు పట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెదికాను. దొరకలేదు.

ఓబులేసును పిలిచి జరిగిందంతా చెప్పాను. అతను అరుస్తాడనుకున్నాను. ప్లాస్టిక్ కవరు మడత సరిచేసుకుంటూ అడిగాడు.

"అయితే ఇప్పుడు నా పేరు ఎవురికన్నా ఇచ్చుకోవచ్చా అన్నా?"

"ఇచ్చుకోవచ్చు."

"అట్లయితే శేఖరు కాడికి పోతా. ఏమనుకోవద్దు. ఆ పొద్దు నువ్వు బయటికి పోయినాక ఆయప్ప నన్ను నిలబెట్టి అడిగినాడు, ఏం పని చేస్తావు, యాడికన్నా పోతావా అని. నువ్వు రాసుకునేటప్పుడు అడగలేదు."

మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి శేఖర్ అతన్ని వేరే ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పెట్టించాడు.

ఆ నియమం మీద నా కోపం ఈరోజుకీ తగ్గలేదు. పనిచేసే మనిషిని అడక్కుండా అతని పేరును ఆరు నెలలు ఇంకొకరి సొత్తు చేసే పద్ధతి ఎవరు పెట్టినా అన్యాయమే. ఓబులేసు విషయంలో ఆ అన్యాయం నా చేతి మీదుగా జరిగింది. ఆ తర్వాత నా రిజిస్టరులో "ఏ పనికి" అని ఒక గడి, దాని పక్కన మనిషి సంతకానికి ఇంకో గడి గీయించాను. రిటైరయ్యేదాకా ఆ రెండూ నిండకుండా ఒక్క పేరూ ఎక్కించలేదని రాయబోయాను. రెండుసార్లు ఎక్కించాను. రెండుసార్లూ ముందు ఫోన్ చేసి అడిగాను.