మెడ కింద పసుపు

భర్త విశ్వనాథ్ బతికున్నప్పుడు విజయశ్రీ ఆయన పాములు పెంచే గది గడప తొక్కేది కాదు. పాము అనే మాట కూడా ఆమె నోట వచ్చేది కాదు, పురుగు అనేది. ఆయన పోయిన ఈ ఐదు వారాలుగా మాత్రం రోజూ పొద్దున్నే కిటికీ వెలుతురులో ఒక్కో డబ్బా మూత తీసి, పెన్సిల్ లావున్న, విషంలేని కార్న్ స్నేక్ పిల్లల్ని చేతికి చుట్టుకుని ఏది ఏ రకమో చూసి లేబుల్ రాస్తోంది. నల్ల అంచుల ఎర్రమచ్చలుంటే నార్మల్; నలుపు బొత్తిగా లేకుండా ఎర్రకళ్లుంటే ఎమెల్. అవి సులువే. చిక్కల్లా ఆ మూడు బూడిదరంగు పిల్లలతోనే. “పెరిగేకొద్దీ మెడ కింద పసుపొస్తే ఎనరీ, రాకపోతే చార్‌కోల్. తొందరపడి పేరు పెట్టకూడదు” అనేవాడాయన. ఆ డబ్బాల మీద ఆయన పెట్టిన ప్రశ్నార్థకాలు అలాగే ఉన్నాయి. ఆగడానికి ఆమెకు టైం లేదు. ఆయన వీసా మీద డిపెండెంట్‌గా వచ్చిన మనిషి. ఆయనతోపాటే అదీ పోయింది. శనివారం ఇండియాకి ఫ్లైట్.

గురువారం డబ్బాలు తీసుకెళ్లడానికి పక్కింటి రష్మి వచ్చింది. “లేబుల్స్ లేకపోయినా పర్లేదక్కా, స్నేక్ క్లబ్ వాళ్లు చూసుకుంటారు” అంది. విజయశ్రీ వినిపించుకోలేదు. రెండింటిని తిప్పి తిప్పి చూసి పక్కన పెట్టింది. మూడోదాని తలను వేళ్ల మధ్య మెల్లగా ఎత్తి, కిటికీ దగ్గరికి జరిగింది.

“రష్మీ, దీని మెడకి పసుపొచ్చింది!”

ఐదు వారాల్లో ఆ గొంతులో సంతోషం వినిపించడం అదే మొదలు. “చూడు, చూడు” అంటూ ముందుకు వంగింది. రష్మి చూపు పాము దాకా వెళ్లలేదు. విజయశ్రీ బోసి మెడ దగ్గరే ఆగిపోయింది.