తిప్పతీగ అల్లుకున్న కంచె

మా గల్లీలో నన్ను ఇప్పటికీ కషాయం అక్క అంటారు. ఆ మాట వింటే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు ఆ పిలుపుకు మురిసి ముక్కలైనదాన్నే. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే "ఏం, నాకు పేరు లేదా?" అని గయ్యిమంటాను. వాళ్లు నవ్వేసి పోతారు.

మేముండేది సూరత్‌లో, ఉన్ అనే శివారు పేట దగ్గర. మా ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాడు. మా ఇళ్ల వరుస దాటితే కాలువ, కాలువ దాటితే పల్లె. ఆ పల్లె అంచున పశువుల మేతకని వదిలిన ఉమ్మడి బీడు ఉండేది. ఇక్కడ గౌచర్ అంటారు, మా వరంగల్ వైపు బంచరాయి అంటాం. బీడు పక్కనే మా ఇంటి ఓనరు చెరకు తోట. రెంటికీ నడుమ మనిషెత్తు ఆకుజెముడు కంచె, దాని నిండా తిప్పతీగ. ఆ కంచెలో కౌజు పిట్టలు గుడ్లు పెట్టుకునేవి.

ఆ బీట్లో బర్రెలు మేపే ముసలావిడే మాకు పాలు పోసేది. ఇక్కడి అలవాటు ప్రకారం నేనామెను మాసీ అనేదాన్ని, అంటే చిన్నమ్మ. ఆమె నన్ను దీకరీ అనేది, అంటే బిడ్డా అని. సూరత్‌కు వచ్చిన కొత్తలో నన్ను బిడ్డా అని పిలిచిన మనిషి ఆమె ఒక్కతే.

కరోనా వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. సగం మంది ఊళ్లకు పోయారు, పోలేనివాళ్లం గదుల్లో ముడుచుకుని కూర్చున్నాం. ఎవరు దగ్గినా భయమే. అప్పుడు నాకు మా అవ్వ కాచే కషాయం గుర్తొచ్చింది. తిప్పతీగ, మిరియాలు, అల్లం, పసుపు. మాసీని అడిగితే, "తెంపుకో దీకరీ, మేం నీళ్లు పోసి పెంచామా ఏంటి?" అంది. కాలువ మీది సిమెంటు తూము పక్కనుంచే కంచె మొదలయ్యేది. తూము మీద సంచి పెట్టి, కత్తెరతో జానెడు జానెడు కోసుకుని వచ్చేదాన్ని.

మొదటి గ్లాసు మా ఆయనకే పోశాను. "ఏందే గింత చేదు! రోగంతోని కాదు, నీ కషాయంతోనే పోయేటట్టున్న" అన్నాడు.

"నోరు మూసుకొని తాగు. తియ్యగ కావాల్నంటే షర్బత్ తాగుపో" అన్నాను.

గల్లీ అంతా గ్లాసులు పట్టుకుని వచ్చింది. పెద్ద గంజులో కాచేదాన్ని. అది పనిచేసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ అందరూ అక్కా అక్కా అని నా చుట్టూ తిరుగుతుంటే నా కాళ్లు నేల మీద నిలవలేదు. అంతటితో ఆగితే బాగుండేది. ఊళ్లో అటువైపు ఉధ్నా పేటలో ఉన్న మావాళ్లు కూడా అడుగుతున్నారని, గొప్పకు పోయి, నా మాట రికార్డు చేసి మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "కాలువ దాటంగనే జెముడు కంచె ఉంటది. దాని మీద మస్తు తిప్పతీగ. ఎవలన్న వచ్చి తెంపుకోవచ్చు." అలా ఇచ్చెయ్యడానికి అది నా అబ్బ సొత్తా?

వచ్చారు. బండ్ల మీద, నడిచి, గోనె సంచులతో. వాళ్లకు జానెడు కోసే ఓపిక ఎక్కడిది? భయంతో ఉన్నారు. తీగ పట్టుకుని బలంగా లాగేవాళ్లు, దాంతో పాటు జెముడు కొమ్మలు లేత దోసకాయల్లా పుటుక్కున విరిగేవి. ఒకాయన కంట్లో జెముడు పాలు పడి కన్ను వాచింది. ఆ కోపంలో కర్ర తీసుకుని అడ్డమున్న కొమ్మలన్నీ పడగొట్టి మరీ తీగ లాక్కుపోయాడు. నేను పక్కనే ఉన్నాను. "జర పైలం అన్నా" అన్నానే గాని, ఆగమని అనలేదు. వానలు మొదలయ్యేసరికి అది కంచెలా లేదు, అక్కడక్కడా మొండి మోళ్లు.

ఆ వానల్లోనే మాసీ ఇంట్లో అందరికీ జ్వరాలు. బర్రెలు కొట్టం దాటలేదు, బీటి వైపు చూసే మనిషి లేడు. ఊరి మనుషులు ఒకచోట కూడడానికి లేని రోజులు. అప్పుడే మా ఇంటి ఓనరు జేసీబీ తెచ్చి చెత్త తీయిస్తున్నానని ఆ మోళ్లు పెళ్లగించి, బీట్లో సగం దాకా దున్నించేశాడు. ఇళ్ల అద్దెలు సరిగ్గా రాని కాలం, ఇక నేలే దిక్కని అనుకున్నాడేమో. చలికాలానికల్లా చెరకు పెట్టాడు, తరవాత సిమెంటు స్తంభాలు పాతి ముళ్ల తీగ లాగాడు. ఆ దున్నకం జరుగుతున్న రోజుల్లో నేను మాసీ గుమ్మం ముందు కషాయం సీసా పెట్టి వస్తున్నాను. ఆ కంచె మీద తెంపిన తీగతో నేను కాచిన కషాయమే.

మిగిలిన బీడు పశువులకు ఏ మూలకూ చాలలేదు. ఊళ్లోవాళ్లు కాలువ గట్టు మీదికి తోలారు. గట్టు గడ్డి వేళ్లతో సహా పోయింది, ఆ పై వానకు మట్టి జారి కాలువలో పడింది. మాసీ ఒక్కొక్క బర్రెనూ అమ్ముకుంటూ వచ్చింది. ఆమె ఊరివాళ్లను కూడగట్టి, ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి మొన్నీమధ్య కొలిచేవాళ్లను రప్పించింది. పాత హద్దురాయి ఎక్కడా దొరకలేదు. కంచె ఎక్కడుండేదో చూసినవాళ్లు చెప్పండి అన్నాడు అధికారి. ఊరివాళ్లు, తాము చెబితే పగతో చెప్పారంటారని, వెనక్కి తగ్గారు. ఓనరు అక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

మాసీ నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. "ఈమెను అడగండి సాబ్. రోజూ వచ్చేది. ఈమెకు ఎవరితో పగ లేదు, అబద్ధం చెప్పదు."

చెరకు ఆకుల సందుల్లోంచి, ఒకప్పుడు కంచె మొదలైన ఆ సిమెంటు తూము నాకు కనిపిస్తూనే ఉంది. వేలు చాపితే చాలు. మా ఆయన వెనకనుంచి నా కొంగు లాగి, "ఇల్లు ఖాళీ చేయమంటడు. పిల్లల బడి, నా పని, అన్నీ ఈడనే ఉన్నయి. జర ఆలోచించు" అని గొణిగాడు. నా భయం అదొక్కటే కాదు. కంచె అక్కడుండేదంటే, మరి ఏమైందని అడుగుతారు. ఇంతమంది ముందు నేనే పీకించానని చెప్పాలి.

"గుర్తులేదు సాబ్" అన్నాను.

ఇప్పుడున్న స్తంభాలనే హద్దుగా రాసుకుని వాళ్లు వెళ్లిపోయారు. ఊరివాళ్లు నన్ను కోపంగా చూస్తుంటే మాసీయే అడ్డం వచ్చింది. "దాన్నేం అనకండి. అప్పుడు అందరి ప్రాణాల కోసం పరుగులు పెట్టింది పాపం, ఏ కంచె ఎక్కడుందో చూసుకుంటుందా?" అంది. ఛీ, నా బతుకు! ఆమె నన్ను నాలుగు తిట్టినా ఆ రాత్రి అన్నం దిగేదేమో.

నెల తిరక్కముందే మాసీ మా ఇంటికి వచ్చింది. ఇప్పుడామెకు మిగిలింది ఒక్క బర్రె. ఓనరు తోట అంచున ఎండిన చెరకాకు కోసుకుంటుంటే కాపలావాడు తరిమాడట. "నువ్వు ఆయన ఇంట్లో ఉంటావు కదా దీకరీ. రోజుకు ఒక మోపు కోసుకోనివ్వమని ఒక మాట చెప్పవూ?" అంది. చెప్తానన్నాను.

ఆ సాయంత్రమే ఓనరు దగ్గరకు వెళ్లి, ఒకప్పుడు ఆమె బర్రెలు మేసిన నేలలోని ఆకును ఆమెకు ఇప్పించమని చేతులు జోడించి అడిగాను. నోరు చక్కగా పెగిలింది. "నీ మాట కాదంటానా బెన్" అని, చెల్లెల్ని పిలిచినట్టు పిలిచి, ఆయన నవ్వుతూ ఒప్పుకున్నాడు. మర్నాడు ఆ సంగతి చెప్పగానే మాసీ నా రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది.